ట్రైలర్ టైరు వింతగా అరుగుతోందా? కారణం పట్టుకునే పద్ధతి, వరుసగా

"అన్నా, వెనక యాక్సిల్ టైర్లు లోపలివైపు తినేస్తున్నాయి. కంపెనీ మార్చి చూడమంటావా?"

విజయవాడ ఆటోనగర్‌లో ట్రైలర్ల పని చూస్తూ నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. గుంటూరు నుంచి ఫోన్ చేసేవాళ్ళూ దాదాపు ఇదే అడుగుతారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. టైరు ఇప్పుడే విప్పకండి. అది బండి మీద ఏ స్థానంలో ఉందో అక్కడే ఉండనిచ్చి చూడండి. విప్పి రీట్రెడింగ్‌కి (అరిగిన టైరుకు కొత్త రబ్బరు పట్టీ అతికించడానికి) పంపేస్తే సాక్ష్యం పోతుంది, జబ్బు బండిలోనే ఉండిపోతుంది. కొత్త టైరు కూడా అదే దారిన అరుగుతుంది.

కింద రాసింది మూడు యాక్సిళ్ళు, 12 టైర్లు, కమాన్ కట్టల (ఉక్కు పట్టీల స్ప్రింగుల) సస్పెన్షన్ ఉన్న ట్రైలర్ కోసం. రెండు యాక్సిళ్ళ బండికీ పద్ధతి మారదు. మొదటిసారి చేస్తే ఒక పూట పడుతుంది, అలవాటైతే రెండు గంటలు చాలు.

1. మొదలుపెట్టే ముందు

బండి రాత్రంతా ఆగి ఉన్న తెల్లవారుజాము సమయం అన్నిటికంటే మంచిది. టైరు చల్లగా ఉంటేనే గాలి లెక్క నమ్మవచ్చు. కనీసం మూడు గంటలైనా బండి కదలకుండా ఉండాలి, దాని మీద ఎండ పడకూడదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- గాలి గేజీ (కొత్తదైనా సరే, ఇంకో మంచి గేజీతో ఒకసారి పోల్చి చూసుకోండి)
- గాడి లోతు కొలిచే గేజీ
- 10 మీటర్లకు తక్కువ కాని స్టీలు టేపు (గుడ్డ టేపు సాగుతుంది, పనికిరాదు)
- తాపీ మేస్త్రీలు వాడే గుండు దారం
- టార్చి, సుద్దముక్క, నోటుపుస్తకం, ఫోటోలకు ఫోను
- జాకీ, దాని పక్కన స్టాండులు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క ముక్కలు
- తోడుగా ఇంకో మనిషి

బండి కింద దూరే ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి వెళ్ళవద్దు. నేల గట్టిగా, సమంగా ఉండాలి. మట్టి యార్డులో చేసిన కొలతలు పనికిరావు.

2. పన్నెండు టైర్ల పటం గీయండి

ఎక్కువమంది ఈ మెట్టు దాటేస్తారు. పాడైన టైరు ఒక్కదాన్నే చూసి నిర్ణయం తీసుకుంటారు. మిగతా పదకొండూ ఏం చెబుతున్నాయో చూడకపోతే ఆ ఒక్క టైరు చెప్పేది సగమే.

నోటుపుస్తకంలో ట్రైలర్‌ను పైనుంచి చూసినట్టు గీసి, ప్రతి టైరుకూ పేరు పెట్టండి: "1 ఎడమ బయట", "1 ఎడమ లోపల", ఇలా "3 కుడి బయట" దాకా. ఎడమ, కుడి అంటే డ్రైవరు సీట్లో ముందుకు చూస్తూ కూర్చుంటే వచ్చే ఎడమ, కుడి. వెనక నుంచి చూసి ఒకరు, పక్క నుంచి చూసి ఇంకొకరు రాస్తే పటమంతా తలకిందులవుతుంది.

ప్రతి టైరు దగ్గర ఇవి రాయండి:

- గాలి ఎంత ఉంది
- గాడి లోతు: లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడుచోట్ల
- టైరు చుట్టూ ఇంకోచోట అవే మూడు కొలతలు మళ్ళీ
- కొత్తదా, రీట్రెడ్డా, రేడియలా (లోపల స్టీలు తీగలు), నైలానా (లోపల నైలాన్ దారాలు)
- తయారీ వారం, సంవత్సరం (పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి, 2322 అంటే 2022లో 23వ వారం)
- కోత, బుడిపె, పగులు, ఇరుక్కున్న రాయి

గాడి లోతు 1.6 మి.మీ.కి తగ్గిన టైరు చట్టప్రకారం రోడ్డెక్కకూడదు. గాడుల అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి కదా, ట్రెడ్ (రోడ్డును తాకే రబ్బరు) వాటి మట్టానికి వచ్చిందంటే ఆ హద్దు వచ్చినట్టే. రీట్రెడింగ్ చేయించాలనుకునేవాళ్ళు అంతదాకా లాగవద్దు. 3 మి.మీ. దగ్గర తీసేస్తే కేసింగ్ (ట్రెడ్ కింద ఉండే టైరు ఒళ్ళు) బతుకుతుంది.

3. ముందు గాలి లెక్క తేల్చుకోండి

గాలి సరిగ్గా లేని బండి మీద అలైన్‌మెంట్ (చక్రాలు నిటారుగా ఉండటం) తప్పు వెతకడం వృథా. కాబట్టి ఇది ముందు.

చాలా ట్రైలర్లకు ఉండే 10.00 ఆర్20, 16 ప్లై టైరును చూడండి. పక్క గోడ మీద 146/143 అని ఉంటే, ఒంటిగా వేస్తే 3,000 కిలోలు, జతగా వేస్తే ఒక్కొక్కటి 2,725 కిలోలు మోస్తుందని అర్థం. మూడు యాక్సిళ్ళ మీద చట్టం అనుమతించే బరువు 27 టన్నులు. 12 టైర్లకు పంచితే ఒక్కోదానికి 2,250 కిలోలు. అంతా బాగానే ఉంది.

ఇప్పుడు జతలో లోపలి టైరు గాలి దిగిపోయిందనుకోండి. బయటి టైరు నెత్తిన 4,500 కిలోలు పడతాయి. లోపలిది నలిగి వేడెక్కి చస్తుంది, బయటిది మోయలేక చస్తుంది. రెండూ పోయాక అందరూ బయటి టైరునే తిడతారు, తప్పు లోపలిదాని వాల్వులో ఉంటుంది.

ఇనుప రాడ్డుతో కొట్టి శబ్దం విని గాలి చెప్పే అలవాటు మన దగ్గర బాగా ఉంది. పూర్తిగా దిగిపోయిన టైరును ఆ పద్ధతి పట్టుకుంటుంది. 120 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి లెక్క) ఉండాల్సిన చోట 95 ఉన్న టైరును పట్టుకోలేదు. లోపలి టైరు వాల్వుకు పొడుగు గొట్టం వేయించి గేజీ పెట్టండి, అంతకంటే దారి లేదు.

ఇంకో మాట, మన ఎండలకు ముఖ్యం. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండల్లో 16వ నంబరు హైవే మీద నాలుగు గంటలు నడిచిన టైరులో గాలి 15 పీఎస్‌ఐ పెరగడం వింతేమీ కాదు. 120 పెట్టిన టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాదాపు 4, 5 పీఎస్‌ఐ పెరుగుతుంది. అది చూసి టెన్షన్ పడి ధాబా దగ్గర గాలి తీసేస్తారు. మర్నాడు పొద్దున్నకు ఆ టైరు 15 తక్కువతో నిలబడి ఉంటుంది. వేడి టైరులోంచి గాలి ఎప్పుడూ తీయవద్దు.

హద్దు ఒకటి గుర్తుంచుకోండి. ఉండాల్సిన గాలికంటే 20 శాతం తగ్గితే, అంటే 120కి 96 కన్నా తగ్గితే, ఆ టైరు గాలిలేకుండా నడిచినట్టే లెక్క. అలాంటిదాన్ని బండి మీదే నింపవద్దు. ఎందుకో తొమ్మిదో మెట్టులో చెబుతాను.

4. జబ్బు ఎన్ని టైర్లకు ఉంది?

పటం ముందు పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. వెతకాల్సిన చోటు ఇక్కడే సగానికి సగం తగ్గిపోతుంది.

పన్నెండింటికీ ఒకే తీరు ఉంటే, గాలి పెట్టే అలవాటులోనో లోడులోనో తప్పుంది. మెకానిక్‌తో పనిలేదు.

ఒకే యాక్సిల్‌కు రెండు వైపులా ఉంటే, ఆ యాక్సిల్ మొత్తం పక్కకు తిరిగింది, లేదా వంగింది.

ఒక్క జతకే, అంటే ఒకే హబ్ (చక్రాలు బిగించే మధ్య భాగం) మీది రెండు టైర్లకూ ఉంటే, బేరింగో బ్రేకో.

జతలో ఒక్కదానికే ఉంటే, ఆ టైరులోనో దాని డిస్కులోనో (టైరు ఎక్కించే ఇనుప చక్రం) బిగింపులోనో లోపం. బ్రేకు రెండు టైర్లకూ ఒక్కటే కదా. బ్రేకు పట్టేస్తే ఒక టైరు అరిగి పక్కది బాగుండదు.

ఒకటో, మూడో యాక్సిల్ టైర్ల అంచులు చిరిగినట్టు గరుకుగా ఉండి, మధ్య యాక్సిల్ టైర్లు శుభ్రంగా ఉంటే, అది మలుపుల్లో రుద్దుకున్న అరుగుదల. మూడు యాక్సిళ్ళ ట్రైలర్ బిగువుగా తిరిగితే మధ్య యాక్సిల్ దాదాపు కీలులా ఉంటుంది. ముందుదీ వెనకదీ పక్కకు ఈడ్చుకుపోతాయి. ఆటోనగర్ ఇరుకు రోడ్లలో, సిమెంటు ఫ్యాక్టరీ యార్డుల్లో రోజూ రివర్సు తీసే బండ్లకు ఇది తప్పదు. మలుపు కాస్త వెడల్పుగా తీసుకోమని డ్రైవరుకు చెప్పడం, మధ్య టైర్లను చివరి యాక్సిళ్ళతో మార్చుకోవడం, ఇంతే చేయగలిగింది. దీనికి అలైన్‌మెంట్ డబ్బు పెట్టకండి.

5. అరచేతి పరీక్ష

నాకు అన్ని పరీక్షల్లోకీ ఇష్టమైనది ఇదే. ఖర్చు లేదు, అబద్ధం చెప్పదు.

ముందు కళ్ళతో చూసి తీగలు బయటికి రాలేదని నిర్ధారించుకోండి. స్టీలు తీగ అరచెయ్యిని కోసేస్తుంది. తర్వాత అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నెమ్మదిగా తిప్పండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపంలా గీసుకుంటే ఆ టైరు పక్కకు ఈడ్చుకుపోతోంది.

పదునైన అంచు ఏ వైపుకు ఉందో, టైరు ముఖం ఆ వైపుకు తిరిగి ఉంది. గుండ్రంగా అరిగిన అంచు దానికి ఎదురువైపు ఉంటుంది. పటంలో ప్రతి టైరు మీద పదును ఉన్న వైపుకు బాణం గుర్తు వేయండి.

బాణాలను ఇలా చదవాలి:

- ఒక యాక్సిల్ మీద ఎడమ టైర్లవీ కుడి టైర్లవీ బాణాలు ఒకే దిక్కుకు ఉంటే, యాక్సిల్ మొత్తం ఆ దిక్కుకు తిరిగింది
- బాణాలు రెండువైపుల నుంచీ లోపలికి ఉంటే, చక్రాల ముందు భాగాలు దగ్గరకు వచ్చాయి (టో ఇన్)
- బాణాలు బయటికి ఉంటే, ముందు భాగాలు విడిపోయాయి (టో అవుట్)
- ఒకే టైరులో రెండు అంచులూ రెండు దిక్కులకు గరుకుగా ఉంటే, అది మలుపుల అరుగుదల

మొదటి రకం కమాన్ కట్ట దగ్గరో టార్క్ రాడ్ (యాక్సిల్ ముందుకూ వెనక్కీ జరగకుండా పట్టి ఉంచే రాడ్డు) దగ్గరో సరిచేయవచ్చు. రెండు, మూడు రకాలకు యాక్సిల్ గొట్టమే వంగి ఉంటుంది, దాన్ని ప్రత్యేకంగా కొలిపించాలి.

6. అరుగుదల రకాలు, కారణాలు

*మధ్యలో అరగడం.* గాలి ఎక్కువ, లేదా పూర్తి లోడు గాలితో ఖాళీగా ఎక్కువ తిరగడం. ట్రైలర్లలో తక్కువగా చూస్తాం.

*రెండు భుజాలూ అరగడం.* భుజం అంటే ట్రెడ్ అంచు. గాలి తక్కువ, లేదా లోడు ఎక్కువ. ఈ రెండూ వేరువేరు అనుకుంటారు, టైరుకు మాత్రం ఒకటే. బరువుకు తగ్గ గాలి లేదన్నదే దానికి తెలుసు.

*లోపలి టైర్ల లోపలి భుజం, రెండు వైపులా అరగడం.* లోడు మోసీ మోసీ యాక్సిల్ మధ్యలో కిందికి వంగితే చక్రాల పైభాగాలు లోపలికి వాలతాయి, బరువంతా లోపలి అంచు మీద పడుతుంది. స్టీలు కాయిల్స్, గ్రానైట్ దిమ్మెల లాంటి ఒకేచోట కూర్చునే బరువులు మోసే బండ్లలో ముందు దీన్నే అనుమానించండి. మొదట బేరింగు లూజు చూసుకోండి, అది కూడా ఇదే గుర్తు చూపిస్తుంది, సరిచేయడం చాలా చవక.

*ఒకేచోట చదునుగా అరగడం.* బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా జారింది. ఖాళీ ట్రైలర్ మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇది ఇట్టే జరుగుతుంది. ముందు బండి (ట్రైలర్‌ను లాగే లారీ) బ్రేకు లైనర్లు ఆదా చేద్దామని ట్రైలర్ బ్రేకు లీవరు ఒక్కటే వాడే డ్రైవర్లున్నారు. లైనరు మిగులుతుంది, నాలుగు టైర్లు పోతాయి. అలాంటి అలవాటు లేకపోయినా చదును మళ్ళీ మళ్ళీ వస్తుంటే డ్రమ్ము గుండ్రంగా లేకపోవచ్చు. డ్రమ్ము మీద, చదును ఉన్న చోటుకు ఎదురుగా సుద్దతో గీత పెట్టి, టైరును స్టడ్లకు తిప్పి బిగించండి. కొత్త చదును మళ్ళీ ఆ గీత దగ్గరే మొదలైతే తప్పు డ్రమ్ములో ఉంది.

*గుంతలు గుంతలుగా అరగడం.* టైరు చుట్టూ చెంచాతో తీసినట్టు పల్లాలుంటాయి. చక్రం ఎగిరి ఎగిరి నేలను కొడుతోందన్నమాట. బేరింగు లూజు, డిస్కు సరిగా కూర్చోకపోవడం, రింగు వంకరగా పడటం, అరిగిన బుష్షులు (కీళ్ళ దగ్గరి రబ్బరు గొట్టాలు), జతలో ఎత్తు తేడా, ఈ వరుసలో చూడండి. నాకు ఎక్కువగా దొరికింది మొదటిది.

*జతలో ఒక టైరు వేగంగా అరగడం.* రెండింటి ఎత్తు సరిపోలేదు. ఒకే హబ్ మీద రెండూ ఒకే చుట్లు తిరగాలి కాబట్టి పొట్టి టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది, పొడుగుది బరువు మోస్తుంది. ఈ సైజు టైర్లకు వ్యాసంలో తేడా 12 మి.మీ. మించకూడదు. అంటే ఒకే సైజు, ఒకే మోడల్ టైర్లలో గాడి లోతు తేడా 6 మి.మీ. లోపు. తప్పనిసరైతే కాస్త పొట్టిదాన్ని లోపల వేయండి, మన రోడ్లు మధ్యలో ఎత్తుగా ఉండి లోపలి టైరు మీద బరువు ఎక్కువ వేస్తాయి. రేడియల్, నైలాన్ మాత్రం ఎప్పుడూ జత కట్టవద్దు.

7. కింగ్ పిన్ నుంచి కొలత

బాణాలన్నీ ఒకే దిక్కుకు ఉన్నాయా? అయితే ఈ మెట్టు తప్పనిసరి. లేకపోతే ఎనిమిదో మెట్టుకు వెళ్ళిపోండి.

కొలిచే ముందు బుష్షులు చూడాలి. ఇక్కడే వర్క్‌షాపులు తొందరపడతాయి. టార్క్ రాడ్ బుష్షు పోయిన బండిని ఎంత బాగా కొలిచి సరిచేసినా, మొదటి బ్రేకుకే మళ్ళీ పక్కకు జరుగుతుంది.

బుష్షులతో పాటు చూడాల్సినవి:

- యు బోల్టులు లూజుగా ఉన్నాయా
- కమాన్ కట్ట సెంటర్ బోల్టు తెగిందా (యాక్సిల్ సీటు మీద కొత్తగా మెరిసే రాపిడి గుర్తు కనిపిస్తే తెగినట్టే)
- విరిగిన కమాన్ పట్టీ
- హ్యాంగర్ బ్రాకెట్ దగ్గర వెల్డింగ్ పగులు

ఇవి సరిచేశాక వరుస ఇది:

ఒకటి. ఖాళీ ట్రైలర్‌ను సమంగా ఉన్న నేల మీద నిటారుగా 30 మీటర్లు ముందుకు తీసుకెళ్ళండి. మలుపు తీసుకున్న వెంటనే కొలిస్తే యాక్సిళ్ళు ఒకవైపు బిగుసుకుని ఉంటాయి. ఆపేటప్పుడు బ్రేకు నొక్కి ఆపవద్దు, దానంతట అది ఆగనివ్వండి.

రెండు. చక్రాలకు అడ్డాలు పెట్టి, ట్రైలర్‌ను కాళ్ళ మీద నిలబెట్టి ముందు బండిని విడదీయండి. ట్రైలర్ ముందు వెనకలు సమంగా ఉండాలి.

మూడు. కింగ్ పిన్ (ట్రైలర్‌ను ముందు బండికి తగిలించే పిన్ను) మధ్య నుంచి గుండు దారం వేలాడదీసి, హబ్ మధ్య ఎత్తుకు గుర్తు పెట్టుకోండి. ఎత్తు తేడాగా ఉంటే టేపు వాలుగా వెళ్ళి కొలత తప్పుతుంది.

నాలుగు. ఆ గుర్తు నుంచి మొదటి యాక్సిల్ ఎడమ చివర మధ్యకు, తర్వాత కుడి చివర మధ్యకు కొలవండి. టేపు లాగే బలం రెండుసార్లూ ఒకేలా ఉండాలి, ఒకే మనిషి లాగితే మంచిది. ఒక్కోవైపు రెండుసార్లు కొలిచి రాయండి.

ఐదు. రెండు వైపుల తేడా 3 మి.మీ. మించకూడదు. మించితే ముందు ఈ యాక్సిల్‌నే సరిచేయండి, టార్క్ రాడ్‌కు ఉన్న అడ్జస్ట్‌మెంటు దగ్గర.

ఆరు. మొదటి యాక్సిల్ సరిగ్గా వచ్చాకే దాని నుంచి రెండో దానికి, రెండో దాని నుంచి మూడో దానికి రెండువైపులా కొలవండి. ఇక్కడ తేడా ఒకటిన్నర మి.మీ. లోపు ఉండాలి. మొదటిది వంకరగా ఉండగా మిగతావాటిని దానికి సమంగా చేస్తే మూడూ కలిసి వంకరగా నడుస్తాయి. ట్రైలర్ రోడ్డు మీద పక్కకు పోతూ కనిపించే బండ్లలో కొన్ని ఇలా తయారైనవే.

జగ్గయ్యపేట వైపు సిమెంటు తిప్పే ఒక ట్రైలర్ గుర్తొస్తుంది. మూడో యాక్సిల్ కుడివైపు లోపలి టైరు, లోపలి అంచు అరుగుతోందని ఓనరు మూడు సెట్లు మార్చారు, రెండు కంపెనీలు మార్చారు. నేను చూసేసరికి ఎడమవైపు బయటి టైరు బయటి అంచు కూడా అరుగుతోంది, కాకపోతే కాస్త తక్కువ, అందుకని ఎవరూ పట్టించుకోలేదు. చెయ్యి పెడితే బాణాలన్నీ కుడికి. రెండో యాక్సిల్ నుంచి కొలిస్తే కుడివైపు 14 మి.మీ. ఎక్కువ వచ్చింది. కుడి టార్క్ రాడ్ వెనక బుష్షులో రబ్బరే లేదు, యాక్సిల్ కుడి చివర వెనక్కి జరిగిపోయింది.

14 మి.మీ. అంటే చాలామందికి చిన్నగా అనిపిస్తుంది. రెండు హబ్‌ల మధ్య 2.4 మీటర్లు ఉందనుకుంటే, మిగతా రెండు యాక్సిళ్ళు బండిని నిటారుగా పట్టి ఉంచుతాయి కాబట్టి, ఆ యాక్సిల్ టైర్లు ప్రతి కిలోమీటరుకు దాదాపు 6 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతాయి. ఇక్కణ్ణుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్లు. ఒక్క వైపు ట్రిప్పులోనే కిలోమీటరున్నర పైగా రబ్బరును తారు మీద అడ్డంగా రుద్దినట్టు. ఒక బుష్షు ఖర్చు ఎక్కడ, మూడు సెట్ల టైర్లెక్కడ? ఆ ఓనరు ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

8. హబ్, బేరింగు, బ్రేకు

చక్రాన్ని నేల నుంచి లేపి, స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. చేతికి టక్కుమని తెలిసిందంటే లూజు ఎక్కువే. డయల్ గేజీ ఉంటే బేరింగు ఆట 0.025 నుంచి 0.125 మి.మీ. మధ్య ఉండాలి. చేత్తో తిప్పినప్పుడు గరగరమన్నా, ఒకేచోట పట్టినట్టు ఆగినా విప్పి చూడండి. లోపలి టైరు మీద గ్రీజు చిమ్మి ఉంటే ఆయిల్ సీలు పోయింది. గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, లైనరును జారేలా చేస్తుంది.

బ్రేకులకు తేలికైన పరీక్ష ఉంది. ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిపి, గొల్లపూడి దగ్గరో కాజ దగ్గరో సురక్షితమైన చోట ఆపి, వేడి చూసే గన్నుతో ఆరు డ్రమ్ముల మీదా పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టే ఉంది, లేదా బేరింగు పోతోంది. ఒకటి చల్లగా ఉంటే అది పనే చేయట్లేదు, దాని పని మిగతా ఐదూ చేస్తున్నాయి. గన్ను లేకపోతే చెయ్యి దగ్గరగా పెట్టండి, తాకవద్దు.

తర్వాత ఒకరు బ్రేకు నొక్కి ఉంచితే ఇంకొకరు ప్రతి బ్రేకు చాంబర్ (గాలితో బ్రేకును నెట్టే డబ్బా) రాడ్డు ఎంత బయటికి వస్తోందో కొలవాలి. ఎడమకూ కుడికీ తేడా కనిపిస్తే స్లాక్ అడ్జస్టర్ (ఆ రాడ్డుకూ బ్రేకుకూ మధ్య ఉండే లీవరు) సరిచేయించండి.

9. అరుగుదల కాదు, దెబ్బ

*బుడిపె.* పక్క గోడ మీద ఉబ్బు వస్తే లోపల తీగలు తెగినట్టు. ఆ బండి అక్కడి నుంచి కదలకూడదు. రేడియల్ టైర్ల గోడ మీద లోపలికి నొక్కినట్టు చిన్న పల్లాలు మాత్రం మామూలే, అది తయారీలో వచ్చే అతుకు. చాలామంది దీన్ని చూసి భయపడి, బుడిపెను చూసి వదిలేస్తారు.

*జత మధ్య రాయి.* క్వారీ, కంకర యార్డులకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ క్లీనరు టార్చి వేసి చూడాలి. ఆ రాయి రెండు టైర్ల గోడల్నీ తింటుంది, వేగంలో ఊడి వెనక వచ్చే మోటారుసైకిల్ మనిషికి తగులుతుంది.

*బయటి గోడ మీద వరుస గీతలు.* టోల్ ప్లాజా దిమ్మెలకూ డివైడర్లకూ రాసుకోవడం. తీగ కనబడితే తీసేయాలి.

*జత టైర్ల లోపలి గోడలు రాసుకుని నున్నబడటం.* గాలి తక్కువై రెండూ ముద్దాడుకుంటున్నాయి. మూడో మెట్టుకు వెళ్ళండి.

*బీడ్ (రింగు మీద కూర్చునే టైరు అంచు) దగ్గర గట్టిపడి పగలడం.* బ్రేకు వేడి అక్కడిదాకా పాకుతోంది. టైరుకంటే ముందు బ్రేకు చూడండి.

*మేకు.* ట్యూబ్‌లెస్ టైరుకు బయటి నుంచి గుచ్చే ప్లగ్గు ఇంటికి చేరడానికి మాత్రమే. విప్పి లోపలి నుంచి ప్యాచ్ వేయిస్తేనే అది మరమ్మతు.

*రీట్రెడ్ ఊడిపోవడం.* హైవే మీద పడి ఉన్న రబ్బరు పట్టీలన్నీ రీట్రెడ్‌వే అనుకుంటారు. గాలి తక్కువతో, ఎక్కువ లోడుతో వేడెక్కితే కొత్త టైరు ట్రెడ్ కూడా ఊడుతుంది.

ఇప్పుడు గాలి తగ్గి నడిచిన టైరు సంగతి. రేడియల్ టైరు గోడలో స్టీలు తీగలుంటాయి. గాలి తక్కువతో నడిస్తే అవి వంగి వంగి లోపల తెగుతాయి. బయటికి ఏమీ కనబడదు. తిరిగి గాలి నింపుతుంటే గోడ జిప్పు లాగినట్టు ఒక్కసారిగా చీలిపోతుంది. పక్కన కూర్చున్న మనిషి బతకడం కష్టం. ఇందుకే 20 శాతం కంటే తగ్గిన టైరును విప్పి, లోపల చెయ్యి పెట్టి చూసి, ఇనుప బోనులో పెట్టి, పొడుగు గొట్టంతో దూరంగా పక్కకు నిలబడి నింపాలి. నింపేటప్పుడు టపటపమని చిన్న శబ్దాలు వినిపిస్తే దగ్గరకు వెళ్ళకండి, దూరం నుంచే గాలి వదిలేయండి. ట్యూబు టైర్ల లాకు రింగు విషయంలోనూ ఇంతే జాగ్రత్త. పంచరు షాపులో పనిచేసే కుర్రాళ్ళకు ఇది చెప్పండి. బోను లేని షాపులో చేయించకండి, పది నిమిషాలు ఆలస్యమైనా పర్వాలేదు.

10. సరిచేశాక

కారణం పోయాక కూడా పాత అరుగుదల టైరులో మిగిలే ఉంటుంది. గుంతలు పడిన టైరు అదే స్థానంలో నడిస్తే గుంతలు పెంచుకుంటూనే పోతుంది. అందుకని:

- ఒకవైపు అరిగిన టైరును డిస్కు మీద తిప్పి బిగించండి (పక్క గోడ మీద తిరిగే దిక్కు బాణం లేకపోతే)
- గుంతలు పడిన వాటిని ఇంకో యాక్సిల్‌కు మార్చండి
- జతలను గాడి లోతు చూసి మళ్ళీ కలపండి
- 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్ళీ బిగించండి
- మార్చిన ప్రతి టైరుకూ పటంలో కొత్త స్థానం, తేదీ, కిలోమీటరు రీడింగు రాయండి

5,000 కిలోమీటర్లు తిరిగాక అదే గేజీతో, అవే చోట్ల గాడి లోతు మళ్ళీ కొలవండి. లోపలి అంచూ బయటి అంచూ ఈ మధ్యలో సమానంగా తగ్గాయా అన్నదొక్కటే చూడాలి. పాత తేడా అలాగే ఉండి పెరగకపోతే పని అయినట్టే. పెరిగితే పాత పటం తీసి, బాణాలు వేసిన పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.